లోయర్ చేసిన కారుకి వీల్ అలైన్‌మెంట్: పేపర్ మీద గ్రీన్, టైర్ లోపల వైరు

కార్ఖానా నుంచి మీ బీటెక్ అన్న మళ్లీ వచ్చేశాడు. ఈ ఎపిసోడ్‌కి ఇయర్‌ఫోన్స్ లేనివాళ్లు, ఆఫీస్ క్యాబ్‌లో కూర్చుని చదువుకునేవాళ్లు ఇక్కడ కింద మొత్తం చదివేసుకోవచ్చు. వీడియోలో నేను తడబడ్డ చోట్లు మాత్రం తీసేశాను.

పోయినసారి లోయరింగ్ స్ప్రింగ్స్ గురించి మాట్లాడినప్పుడు కింద ఎక్కువమంది అడిగింది ఒక్కటే: "అన్నా, కారు దించాక అలైన్‌మెంట్ చేయిస్తే చాలా?" చేయించడం చాలదు. చేశాక వాళ్లిచ్చే పేపర్ చదవడం రావాలి. అది రాక నేను ఎంత దూరం పోయానో ముందు చెప్తాను.

నాది సెకండ్ హ్యాండ్ సివిక్. 2006లో మన దేశానికి వచ్చిన ఆ మోడల్, 1.8 లీటర్ పెట్రోల్. "సివిక్ కూడా స్పోర్ట్స్ కారేనా" అని ఇప్పుడే టైప్ చేయడం మొదలుపెట్టకండి. మీ దగ్గర బాక్స్‌టర్ ఉన్నా, జెడ్4 ఉన్నా, దించిన పోలో ఉన్నా, చక్రం కోణాల లెక్క ఒకటే. అసలే స్పీడ్ బ్రేకర్ కనపడితే భయపడే కారు. దాన్ని నేను ఇంకో 35 మి.మీ. కిందకి దించాను. మా అమ్మ మొదటి రోజే అడిగింది, "ఎక్కాలంటే కూర్చోవాలి, దిగాలంటే లేవాలి, ఇదేం సోకురా నీకు" అని.

స్ప్రింగ్స్ వేసిన చోటే అలైన్‌మెంట్ కూడా చేశారు. పేపర్ ఇచ్చారు. పైన ముందు చక్రాలు, రెండు గళ్లూ పచ్చగా ఉన్నాయి. కింద వెనక చక్రాలు, నాలుగు అంకెలు ఎర్రగా ఉన్నాయి. అడిగితే, "వెనకాల ఏం ఉండదన్నా, ఫిక్స్‌డ్" అన్నారు. నేనూ ఓకే అనుకున్నా. 600 కట్టి వచ్చేశా.

దాదాపు 12,000 కి.మీ. తర్వాత ఒక ఆదివారం సంగారెడ్డిలో ఫంక్షన్ చూసుకుని ఇంటికి వస్తున్నాం. వెనక సీట్లో అమ్మ, నాన్న. పటాన్‌చెరు దగ్గర ఓఆర్ఆర్ ఎక్కాం, శామీర్‌పేట దగ్గర దిగి అల్వాల్ మీదుగా కార్ఖానా వచ్చేద్దామని ప్లాన్. మేడ్చల్ దాటాక వెనక నుంచి దడదడమని సౌండ్. రోడ్డు అనుకున్నా. తగ్గలేదు. ఎగ్జిట్ దిగి, పక్కకి ఆపి చూశా. టైర్ బయట వైపు గాళ్లు నిండుగా ఉన్నాయి, కొత్తదానిలాగే ఉంది. మరి సౌండ్ ఎక్కడిది? ఫోన్ టార్చ్ వేసి, చెయ్యి లోపలికి పెట్టి తడిమా. వేలికి సన్నటి వైరు గుచ్చుకుంది.

టైర్ లోపలి అంచున రబ్బరు మొత్తం పోయి, స్టీల్ తీగలు బయటికొచ్చాయి. రెండో వైపు చూస్తే అదీ అంతే. ఇంకో పది కిలోమీటర్లకి పేలేదేమో, ఇంకో వందకి పేలేదేమో. మేం 100 స్పీడ్‌లో ఉన్నాం, వెనక అమ్మా నాన్నా ఉన్నారు. ఒక చక్రానికి స్టెప్నీ వేసి, మిగతా దారంతా 40లో వచ్చాం. అమ్మ ఏమీ అనలేదు. అదే ఎక్కువ భయమేసింది.

సరే, ఇక క్లాస్‌లోకి వెళ్దాం.

మూడు కోణాలు: క్యాంబర్, టో, క్యాస్టర్

క్యాంబర్ అంటే, కారు ముందు నిలబడి చూస్తే చక్రం నిటారుగా ఉందా, పక్కకి వాలిందా అన్నది. పైభాగం లోపలికి వాలితే నెగటివ్, బయటికి వాలితే పాజిటివ్. కారుని దించితే చాలా కార్లలో చక్రాలు నెగటివ్ వైపు వాలతాయి. మీ ఫ్రెండ్ దించిన కారు వెనక చక్రాలు పైన దగ్గరగా, కింద దూరంగా కనిపిస్తాయి చూడండి, అదే.

టో అంటే, పైనుంచి చూస్తే చక్రాలు ఎటు చూస్తున్నాయి అన్నది. మీరు నిలబడి మీ పాదాలే చూసుకోండి. బొటనవేళ్లు ఒకదానివైపు ఒకటి తిరిగితే టో ఇన్. బయటికి తిరిగితే టో ఔట్. అలాగే నడిస్తే చెప్పు ఎలా అరుగుతుందో టైరూ అలాగే అరుగుతుంది.

క్యాస్టర్ అంటే స్టీరింగ్ తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలి ఉండటం. సైకిల్ ముందు ఫోర్క్ ఏటవాలుగా ఉంటుంది కదా, అది క్యాస్టర్. చెయ్యి వదిలినా సైకిల్ నేరుగా పోవడానికి, మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటదే మధ్యకి రావడానికి అది సాయపడుతుంది. టైర్ అరుగుదలలో దీని పాత్ర తక్కువ, కాబట్టి ఇవాళ దీన్ని ఇక్కడే వదిలేద్దాం.

దోషి ఎవరు?

దించిన కారు టైర్ లోపల అరిగితే అందరూ క్యాంబర్‌నే తిడతారు. నేనూ తిట్టాను. కానీ లెక్క వేసి చూడండి.

నా పాత పేపర్‌లో వెనక క్యాంబర్ ఎడమ మైనస్ 2.60, కుడి మైనస్ 2.40. వెనక టో ఎడమ 0.42, కుడి 0.40, రెండూ ఇన్. అప్పట్లో నేను 0.42 చూసి "అర కూడా లేదు కదా" అనుకున్నా. అది 0.42 డిగ్రీ. డిగ్రీకి 60 నిమిషాలు, అంటే దాదాపు 25 నిమిషాలు. ఇక్కడ నిమిషం అంటే గడియారంలో నిమిషం కాదు, కోణంలో 60వ వంతు. కొన్ని మెషీన్లు దశాంశంలో చూపిస్తాయి, కొన్ని డిగ్రీ-నిమిషాల్లో చూపిస్తాయి. 0.25 డిగ్రీ అంటే 15 నిమిషాలు మాత్రమే, 25 కాదు. ఇది చిన్న విషయం అనుకోకండి. ఒక టీమ్ ఒక యూనిట్‌లో, ఇంకో టీమ్ ఇంకో యూనిట్‌లో లెక్కలు వేయడం వల్లే 1999లో నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌ని పోగొట్టుకుంది. మన దగ్గర పోయేది టైర్లే, కానీ తప్పు అదే జాతి.

ఇప్పుడు 25 నిమిషాల టో ఏం చేస్తుందో చూద్దాం. చక్రం ఒక వైపు చూస్తోంది, కారు దాన్ని ఇంకో వైపు లాక్కెళ్తోంది. ప్రతి కిలోమీటరుకి ఆ చక్రం సుమారు 7.3 మీటర్లు అడ్డంగా రుద్దుకోవాలి. రబ్బరు సాగి కొంత సర్దుకుంటుంది, అయినా జ్యామెట్రీ లెక్క ఇది. 12,000 కి.మీ.కి గుణించండి. 87 కి.మీ. పైనే. అంటే నేను నా వెనక టైర్లని కార్ఖానా నుంచి రాజీవ్ రహదారి మీద, సిద్దిపేట ఇంకాస్త దూరం ఉందనే వరకు అడ్డంగా ఈడ్చుకెళ్లినట్టు.

మరి క్యాంబర్ పాత్ర ఏంటి? 2.5 డిగ్రీలు వాలిన టైర్ బరువంతా లోపలి అంచు మీదే వేస్తుంది. టో ఆ అంచునే అడ్డంగా రుద్దుతుంది. క్యాంబర్ టైర్‌ని ఆకురాయి మీద వంచి పట్టుకుంది, రాయిని తిప్పింది టో. టో సున్నా దగ్గర ఉంటే, మైనస్ 1.5 క్యాంబర్‌తో టైర్లు బాగానే బతుకుతాయి. టో తప్పితే క్యాంబర్ సున్నా ఉన్నా టైర్ పోతుంది.

ఇది చేత్తో కూడా తెలుసుకోవచ్చు. టైర్ మీద అరచెయ్యి అడ్డంగా, లోపలి నుంచి బయటికి ఒకసారి, బయటి నుంచి లోపలికి ఒకసారి రాయండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపం పళ్లలా గరుగ్గా తగిలితే టో తేడా. ఒక అంచు మాత్రమే నున్నగా అరిగి ఉంటే క్యాంబర్ మీద అనుమానం పెట్టండి. నెలకోసారి చాలు. కానీ లోపలి అంచుని కూడా తడమాలి. దించిన కారులో బయటి అంచు చూసి సర్టిఫికెట్ ఇవ్వకూడదు. గాడి లోతు 1.6 మి.మీ.కి వచ్చిందంటే ఆ టైర్ పని అయిపోయినట్టే, అది ఏ అంచునైనా సరే.

"ఫిక్స్‌డ్ కాదు బేటా, తుప్పు"

మర్నాడు మా వీధి వెనక పాత షెడ్డులో పనిచేసే చాచా దగ్గరికి పోయా. మా ఏరియా పేరే కార్ఖానా, అంటే వర్క్‌షాప్. ఇలాంటి చాచాలు ఒకరిద్దరు ఇంకా ఉన్నారు. మెషీన్ లేదు. టైర్ చూసి నవ్వాడు.

"వెనకాల అడ్జస్ట్‌మెంట్ లేదన్నారు చాచా, ఫిక్స్‌డ్ అంట."

కారు కిందకి పోయి, టార్చ్ వేసి, ఒక బోల్టు చూపించాడు. దాని తలకింద గుండ్రటి వాషర్, దానిమీద గీతలు. "ఫిక్స్‌డ్ కాదు బేటా. తుప్పు పట్టి గట్టిగైంది. తిప్పనీకి బద్దకమైంది వాళ్లకి."

ఈ సివిక్‌లో వెనక సస్పెన్షన్ డబుల్ విష్‌బోన్. వెనక టోకి క్యామ్ బోల్టు ఉంటుంది, తిప్పితే చక్రం దిశ మారుతుంది. వెనక క్యాంబర్‌కి మాత్రం కంపెనీ ఏమీ ఇవ్వలేదు, దానికి బయట దొరికే అడ్జస్టబుల్ పై ఆర్మ్‌లు వేయాలి. మీ కారులో ఏది తిరుగుతుంది, ఏది తిరగదు అన్నది ముందే తెలుసుకోండి. ముందు స్ట్రట్ ఉన్న చాలా మామూలు కార్లలో ముందు టో మాత్రమే తిరుగుతుంది. వెనక టోర్షన్ బీమ్ ఉన్న హ్యాచ్‌బ్యాక్‌లలో వెనకాల నిజంగానే ఫిక్స్‌డ్. అది తెలిస్తే అప్పుడు ఆ మాట నమ్మొచ్చు.

చాచా ఇంకో మాట అన్నాడు: "మెషీన్‌కి నీ బండి కిందికి దిగిందని తెల్వదు." అసలు పాయింట్ ఇదే. మెషీన్‌లో మోడల్ సెలెక్ట్ చేస్తే వచ్చే గ్రీన్ రేంజ్ కంపెనీ ఎత్తులో ఉన్న కారుది. మీరు ఎత్తు మార్చారు. కాబట్టి ఎరుపు వస్తే అన్నీ తప్పని కాదు, పచ్చ వస్తే అన్నీ కరెక్టనీ కాదు. ఏ అంకె ఎందుకు అలా ఉందో మీకు తెలియాలి.

దారంతో చెకింగ్

చాచా పద్ధతి ఇంట్లో కూడా చేయొచ్చు. చదునైన నేల కావాలి. కారుకి రెండు పక్కలా, చక్రం మధ్య ఎత్తులో, స్టాండ్లకి దారం బిగుతుగా కట్టాలి. రెండు దారాలూ కారు మధ్యగీతకి సమాంతరంగా ఉండాలి. ముందు హబ్ మధ్య నుంచి దారానికి దూరం రెండు పక్కలా సమానం, వెనక హబ్ నుంచి కూడా రెండు పక్కలా సమానం. ముందు, వెనక ఒకటే అంకె రానక్కర్లేదు, ఎందుకంటే చక్రాల మధ్య వెడల్పు ముందొకటి, వెనకొకటి ఉంటుంది. కానీ రెండు దారాల మధ్య దూరం ముందూ వెనకా ఒకేలా ఉండాలి.

ఇప్పుడు రిమ్ ముందు అంచు నుంచి దారానికి, వెనక అంచు నుంచి దారానికి స్కేలుతో కొలవండి. 16 అంగుళాల రిమ్‌కి 1 మి.మీ. తేడా అంటే సుమారు 8 నిమిషాలు. నా కారుకి వెనక 3 మి.మీ. వచ్చింది. అంటే 25 నిమిషాలు. దారం, స్కేలు చెప్పింది, ఆ మెషీన్ చెప్పింది, రెండూ ఒకటే. మెషీన్ అబద్ధం చెప్పలేదు ఫ్రెండ్స్. అది ఎర్రగా చూపించింది. వాళ్లు పట్టించుకోలేదు, నేను చదవలేదు.

ఒక్క హెచ్చరిక: ఇది కొలవడానికి మాత్రమే. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కింద దూరకండి.

సరిగ్గా చేయించే వరస

స్ప్రింగ్స్ వేసిన రోజే అలైన్‌మెంట్ చేయిస్తే ఆఖరిది కాదు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి స్ప్రింగ్స్ సర్దుకున్నాక మళ్లీ చేయించాలి. ఇంకో విషయం చాలామంది వదిలేస్తారు. ఆర్మ్‌ల రబ్బరు బుష్ బోల్టులు కారు గాల్లో ఉన్నప్పుడు బిగించకూడదు. చక్రాల మీద బరువు పడి, కొత్త ఎత్తులో నిలబడ్డాక బిగించాలి. లేకపోతే బుష్ ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, తొందరగా చినిగిపోతుంది.

షాపులో మెషీన్ పెట్టేముందు నాలుగు టైర్లలో గాలి సరిచేయించండి. బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్, బుష్‌లలో లూజ్ ఉందేమో చూడమనండి. లూజ్ ఉంటే ఆ రోజు సెట్ చేసిన అంకె మర్నాటికి ఉండదు. డిక్కీలో ఉన్న సామాను తీసేయండి, రోజూ అందులోనే ఉండేదైతే ఉంచండి. దించిన కారుకి బరువు మారితే కోణం మారుతుంది. అందుకే నేను డ్రైవర్ సీట్లో కూర్చునే చేయిస్తాను.

తర్వాత వరస మారకూడదు. ముందు వెనక చక్రాలు: క్యాంబర్, ఆ తర్వాత టో. ఎందుకంటే వెనక చక్రాలు ఎటు చూస్తే కారు అటు పోతుంది. వెనకవి పక్కకి చూస్తుంటే, స్టీరింగ్ వంకరగా పట్టుకుంటేనే కారు నేరుగా పోతుంది. వెనక సరిచేశాకే ముందుకి రావాలి: క్యాస్టర్, క్యాంబర్, అన్నిటికంటే ఆఖర్న టో. క్యాంబర్ కదిలిస్తే టో తప్పకుండా కదులుతుంది. ముందు టో పెట్టి, తర్వాత క్యాంబర్ ముట్టుకుంటే చేసిన పని వేస్ట్. ఈఎస్‌పీ ఉన్న కార్లలో స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌ని కూడా స్కానర్‌తో మళ్లీ సెట్ చేయించండి.

రోడ్డు మీద తిరిగే దించిన కారుకి నేను పెట్టుకున్నవి చెప్తాను. ముందు క్యాంబర్ మైనస్ 1 నుంచి మైనస్ 1.5 మధ్య. వెనక మైనస్ 1.5 దగ్గర. ఎడమకీ కుడికీ తేడా అర డిగ్రీ లోపు. ముందు టో దాదాపు సున్నా. వెనక టో ఒక్కో చక్రానికి 5 నిమిషాలు ఇన్. అంటే కిలోమీటరుకి అడ్డంగా రుద్దుకునేది 7.3 మీటర్ల నుంచి మీటరున్నరకి తగ్గింది. వెనక మాత్రం టో ఔట్ ఎప్పుడూ పెట్టించకండి. వానలో బ్రేక్ కొట్టినా, మలుపులో యాక్సిలరేటర్ వదిలినా తోక తిరుగుతుంది.

"రేసు కార్లకి చాలా క్యాంబర్ ఉంటుంది కదా?" ఉంటుంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ జరిగింది, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అలాంటి ట్రాక్ మీద మలుపు తర్వాత మలుపు. మలుపులో కారు ఒరిగినప్పుడు బయటి టైర్ నేలకి నిండుగా ఆనాలని ముందే వాల్చి పెడతారు. మనం తిరిగేది ఓఆర్ఆర్ మీద నేరుగా, తిరుమలగిరి ట్రాఫిక్‌లో ఫస్ట్ గేర్‌లో. మలుపు లేనిచోట ఆ వాలు టైర్‌ని తినడమే తప్ప ఇంకేం చేయదు.

ఇంకొకటి. ఎంత దించితే అంత బాగా తిరుగుతుందనేది కూడా అపోహే. స్ట్రట్ ఉన్న కారుని మరీ దించితే కింది ఆర్మ్ బయటి కొన పైకి లేచిపోతుంది. అప్పుడు మలుపులో చక్రానికి రావాల్సిన నెగటివ్ క్యాంబర్ రాదు, తగ్గుతుంది కూడా. టై రాడ్ కోణం మారి, గుంతలో పడ్డప్పుడల్లా టో మారుతుంది, స్టీరింగ్ దానంతటదే లాగుతుంది. చూడటానికి రేసు కారు, నడపడానికి ఎడ్లబండి.

చట్టం మాట

ఇది చెప్పకుండా వీడియో ముగిస్తే మోసం చేసినట్టు అవుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేది కూడా ఇదే. నేను దించాను కాబట్టి మీరూ దించండి అని అనడం లేదు. ఇప్పటికే దించినవాళ్లు టైర్ మీద పోకుండా ఉండాలని చెప్తున్నా.

చివరికి నా కారు సంగతి. రాణిగంజ్‌లో అడిగి ఆర్మ్‌లు తెప్పించుకున్నా. తుప్పు బోల్టుకి చాచా రెండు రోజులు ఆయిల్ కొట్టి, కదిలించాడు. తర్వాత వేరే షాపులో మెషీన్ మీద, పక్కనే నిలబడి, నాలుగు చక్రాల పేపర్ తీయించుకున్నా. కొత్త టైర్ల మీద ఇప్పటికి 9,000 కి.మీ. అయింది. వెనక గాడి లోతు లోపల 6.1 మి.మీ., బయట 6.4. ఇంకా కొంచెం లోపలే అరుగుతోంది, ఆ క్యాంబర్‌కి అది మామూలే.

స్ప్రింగ్స్ కూడా మార్చాను. ఇప్పుడు పాతదానికంటే 15 మి.మీ. ఎత్తు. అమ్మ ఎక్కి కూర్చుని, "ఇప్పుడు కొంచెం మనిషి బండిలా ఉంది" అంది. అంతకంటే పెద్ద రివ్యూ నాకు రాలేదు.

మీ దగ్గర పాత అలైన్‌మెంట్ పేపర్ ఉంటే ఇవాళే గ్లవ్ బాక్స్‌లోంచి తీయండి. కింది సగం, అంటే వెనక చక్రాలు చూడండి. టో అంకె ఏ యూనిట్‌లో ఉందో చూడండి. అర్థం కాకపోతే ఫొటో తీసి పంపండి, నంబర్ ప్లేట్ మాత్రం కవర్ చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో మీ పేపర్లే చదువుదాం. అప్పటిదాకా లోపలి అంచు తడమడం మర్చిపోకండి. ఉంటా మరి, బై.